విశాఖ స్టేజీల మీద డాంటే వర్చువల్ సౌండ్‌కార్డ్: దేనికి కొనాలి, దేనికి వద్దు

కన్సోల్ (సౌండ్ మిక్సర్) నుంచి ల్యాప్‌టాప్‌కి ఒకే నెట్‌వర్క్ కేబుల్ మీద 64 ఛానళ్లు తెచ్చుకోవచ్చు, మరో 64 తిరిగి పంపొచ్చు. డాంటే అంటే ఆడియోని నెట్‌వర్క్ కేబుల్ మీద పంపే పద్ధతి, ఆడినేట్ వాళ్ల డాంటే వర్చువల్ సౌండ్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్ చేసే పని ఇదే. మల్టీట్రాక్ రికార్డింగ్, వర్చువల్ సౌండ్‌చెక్ (ముందే రికార్డయిన ట్రాకులతో కన్సోల్‌ని సరిచూసుకోవడం), ఆర్కెస్ట్రా ప్రోగ్రాముల్లో ట్రాకులు వేయడం, నాటకాలకు నేపథ్య సంగీతం: వీటికి దీన్ని నిస్సందేహంగా కొనొచ్చు. గాయకుడి గొంతును ల్యాప్‌టాప్‌లోకి తెచ్చి, ప్లగిన్ల (శబ్దాన్ని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్ల) గుండా నడిపి, మళ్లీ స్పీకర్లకు వదులుదామని మాత్రం కొనొద్దు. విశాఖలో ఈ సాఫ్ట్‌వేర్ మీద వినబడే ఫిర్యాదుల్లో చాలా ఈ రెండో వాడకం వల్లే. మిగతావాటికి కారణం నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే స్విచ్చూ, ల్యాప్‌టాప్ సెట్టింగులూ.

ముందు ఆలస్యం లెక్క చూద్దాం. మామూలు ఎడిషన్‌లో డాంటే లేటెన్సీ (ఆలస్యం) 4, 6, 10 మిల్లీసెకన్లలో ఏదో ఒకటి పెట్టుకోవాలి. కన్సోల్ నుంచి వచ్చేటప్పుడు 4, వెళ్లేటప్పుడు ఇంకో 4. మధ్యలో ఏఎస్ఐఓ (విండోస్‌లో ఆడియో డ్రైవర్) బఫర్ 64 శాంపిళ్లకు దించినా 48 కిలోహెర్ట్జ్ దగ్గర రానూపోనూ 2.7. మొత్తం 10 దాటిపోయింది, ప్లగిన్ల సొంత ఆలస్యం ఇంకా కలపనేలేదు. 10 మిల్లీసెకన్లంటే గాలిలో శబ్దం దాదాపు మూడున్నర మీటర్లు వెళ్లే సమయం. గురజాడ కళాక్షేత్రంలో పదో వరసలో కూర్చున్నవాళ్లకు అది తెలియదు. చెవిలో ఇన్-ఇయర్ పెట్టుకున్న గాయకుడికి వెంటనే తెలుస్తుంది. తన గొంతు తలలో ఎముకల గుండా ఒకసారి, చెవిలో కాస్త ఆగి ఇంకోసారి వినబడి, పాడటమే కష్టమవుతుంది.

ఇంతకంటే పెద్ద ఇబ్బంది, ఒకే మైకు నేరుగా ఒక దారిలో, ల్యాప్‌టాప్ గుండా ఇంకో దారిలో వచ్చి మిక్స్‌లో కలిసినప్పుడు. తేడా 10 మిల్లీసెకన్లయితే 50, 150, 250 హెర్ట్జ్... ఇలా ప్రతి 100 హెర్ట్జ్‌కి ఒక గుంట పడుతుంది. కళాభారతిలో కచేరీకి ఇలా పెడితే మృదంగం తొప్పి డొల్లగా మోగుతుంది. ఎంత ఈక్వలైజర్ తిప్పినా అది సరికాదు, ఎందుకంటే తప్పు టోన్‌లో లేదు, టైమ్‌లో ఉంది.

అయితే ల్యాప్‌టాప్ ప్లగిన్లు వాడుకునే పద్ధతి ఒకటుంది. ఇన్సర్ట్‌గా (గొంతు మొత్తం ప్లగిన్ గుండా వెళ్లేలా) కాకుండా సెండ్-రిటర్న్‌గా (దాని నకలు మాత్రమే వెళ్లొచ్చేలా) పెట్టాలి. కన్సోల్‌లో ఒక ఆక్స్ బస్ (విడి అవుట్‌పుట్ దారి) తీసుకుని, దాన్ని డాంటే మీద ల్యాప్‌టాప్‌కి పంపి, రివర్బ్ (ప్రతిధ్వని) ప్లగిన్‌లో మిక్స్ 100 శాతం వెట్ (అసలు గొంతు లేకుండా ప్రతిధ్వని మాత్రమే) పెట్టి, రెండు ఛానళ్లుగా వెనక్కి తెచ్చుకోవాలి. అప్పుడు ఆ 10 మిల్లీసెకన్లు రివర్బ్‌కి ప్రీ-డిలేగా (ప్రతిధ్వని మొదలయ్యే ముందు విరామంగా) సరిపోతాయి, ప్లగిన్‌లో ప్రీ-డిలే అంత మేరకు తగ్గించుకుంటే చాలు. దీనివల్ల ఇంకో మేలుంది. షో మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోతే రివర్బ్ ఒక్కటే పోతుంది, గొంతు పోదు. కంప్రెసర్, ఈక్యూ, డీ-ఎస్సర్ లాంటివి కన్సోల్‌లోవే వాడండి.

ఇక డ్రాపౌట్ల సంగతి. చాలాసేపు శుభ్రంగా నడిచి, ఉన్నట్టుండి టిక్ టిక్‌మనడం, అర సెకను మాయమవడం, కాసేపటికి దానంతటదే సర్దుకోవడం. దీన్ని సాఫ్ట్‌వేర్ బగ్ అనుకుని దించి మళ్లీ ఎక్కించేవాళ్లు చాలామంది. ముందు చూడాల్సింది స్విచ్. 802.3ఏజడ్ అనే విద్యుత్ పొదుపు పద్ధతి, పెట్టె మీద గ్రీన్ ఈథర్‌నెట్ అని గానీ ఎనర్జీ ఎఫీషియంట్ అని గానీ రాసి ఉంటుంది, ప్యాకెట్లు లేని క్షణాల్లో లింక్‌ని నిద్రపుచ్చుతుంది. మళ్లీ లేవడానికి పట్టే సమయం ప్రతిసారీ ఒకేలా ఉండదు. ఆఫీసులో ఫైళ్లు పంపుకోవడానికి దాంతో నష్టం లేదు. డాంటేలో మాత్రం పరికరాలన్నీ ఐఈఈఈ 1588 పద్ధతిలో గడియారం కలుపుకుంటాయి, ఆ గడియారం సందేశాలు మైక్రోసెకన్ల లెక్కలో సమయానికి చేరాలి. లింక్ కునుకు తీస్తే గడియారం ఊగుతుంది, ఊగితే పరికరం తనంతట తానే మ్యూట్ అవుతుంది.

సెట్టింగులు లేని అన్‌మేనేజ్డ్ స్విచ్‌లో ఈ పొదుపు ఉంటే దాన్ని ఆపే మార్గం లేదు. కాబట్టి ద్వారకానగర్ కంప్యూటర్ షాపుల్లో స్విచ్ అడిగేటప్పుడు ‘గిగాబిట్ ఉందా’ అని మాత్రమే అడిగితే సరిపోదు. మేనేజ్డ్ కావాలని చెప్పండి. ఈఈఈ (పైన చెప్పిన ఎనర్జీ ఎఫీషియంట్ ఈథర్‌నెట్) ఆఫ్ చేసే వీలుందా, డిఫ్‌సర్వ్ క్యూఓఎస్ (ముఖ్యమైన ప్యాకెట్లను ముందు పంపడం) ఉందా, ఐజీఎంపీ స్నూపింగ్ (మల్టీకాస్ట్‌ని అడిగిన పోర్టులకే పంపడం) ఉందా అని మూడూ అడగండి. అక్కడ ఎక్కువగా ఆఫీసులకు, సీసీటీవీలకు కావాల్సిన సరుకే ఉంటుంది గనక మోడల్ నంబరు తీసుకుని కంపెనీ డేటాషీట్‌లో చూసుకున్నాకే డబ్బు కట్టండి. సిస్కో, నెట్‌గేర్‌లలో సరైన మోడల్ తెప్పించుకోవడానికి వారం పట్టినా తెప్పించుకోవడమే మంచిది.

స్విచ్ వచ్చాక క్యూఓఎస్‌లో నాలుగు క్యూలు, స్ట్రిక్ట్ ప్రయారిటీ పెట్టాలి. డీఎస్‌సీపీ (ప్యాకెట్ మీద ఉండే ప్రాధాన్యం నంబరు) 56 అన్నిటికన్నా పైన, అది గడియారానిది. దాని కింద 46, అది ఆడియోది. తర్వాత 8. మిగతావన్నీ అడుగున. కొన్ని స్విచ్‌లలో 46 పైకి, 56 వేరే క్యూలోకి ముందే మ్యాప్ అయి ఉంటాయి, ఇంటర్నెట్ ఫోన్ల కోసం అలా పెడతారు. ఆడియో గడియారాన్ని దాటి ముందుకు వెళ్లకూడదు కాబట్టి ఆ టేబుల్ చేత్తో మార్చాల్సిందే. మార్చాక సేవ్ నొక్కకపోతే కరెంటు పోయి వచ్చేసరికి అంతా పాత స్థితికి వెళ్లిపోతుంది. మేనేజ్డ్ స్విచ్‌లలో అప్లై వేరు, సేవ్ వేరు.

ల్యాప్‌టాప్‌లోనూ ఇదే పొదుపు దాక్కుని ఉంటుంది, స్విచ్ బాగున్నా డ్రాపౌట్లు వస్తున్నాయంటే ఇక్కడే వెతకాలి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్లలో వైర్డ్ కార్డు ప్రాపర్టీస్‌కి వెళ్లి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఎనర్జీ ఎఫీషియంట్ ఈథర్‌నెట్, గ్రీన్ ఈథర్‌నెట్, పవర్ సేవింగ్ అనే మాటలున్న ప్రతిదీ డిజేబుల్ చేయండి. రియల్‌టెక్ కార్డుల్లో ఇవి రెండు మూడు వేర్వేరు పేర్లతో ఉంటాయి, ఒకటి ఆపి వదిలేస్తే పని కాదు. పక్కనే ఉన్న పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్ ఈ పరికరాన్ని ఆపేయడానికి అనుమతించే టిక్ తీసేయండి. పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో ఉండాలి. మూత మూస్తే ఏమీ చేయవద్దని చెప్పాలి. ఛార్జర్ పెట్టే నడపాలి, బ్యాటరీ మీద ప్రాసెసర్ వేగం తగ్గిపోతుంది. వైఫై, బ్లూటూత్ రెండూ ఆపేయండి. ఇన్ని చేశాక కూడా చిటపటలు వస్తే లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఓ పదిహేను నిమిషాలు నడిపి చూడండి. ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ని పట్టుకుని కూర్చుంటోందో పేరుతో చూపిస్తుంది. వైఫై డ్రైవరో, గ్రాఫిక్స్ డ్రైవరో బయటపడటం మామూలే.

ల్యాన్ పోర్టు లేని సన్నటి ల్యాప్‌టాప్‌లకు యూఎస్‌బీ అడాప్టర్ వాడుతుంటే ఇంకాస్త జాగ్రత్త కావాలి. యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా ఆపాలి. అడాప్టర్‌ని ఎప్పుడూ ఒకే పోర్టులో గుచ్చండి, మరో పోర్టులో పెడితే కొత్త కార్డుగా కనబడి, వర్చువల్ సౌండ్‌కార్డ్ పాత ఇంటర్‌ఫేస్ కోసం చూస్తూ ఉండిపోవచ్చు. హబ్‌లో హార్డ్ డిస్క్, డాంగిల్, ల్యాన్ మూడూ కలిపి పెట్టి 32 ట్రాకులు రికార్డు చేయాలనుకోవడం అత్యాశే. 32 కన్నా ఎక్కువ ఛానళ్లు కావాలంటే గిగాబిట్ లింక్ తప్పనిసరి, 100 మెగాబిట్‌తో 48 కిలోహెర్ట్జ్ దగ్గర 32 ఇటు, 32 అటు మించి కుదరదు. కేబుల్‌లో ఒక జత తెగినా లింక్ నిశ్శబ్దంగా గిగాబిట్ నుంచి 100కి దిగిపోతుంది. అందుకే షో ముందు డాంటే కంట్రోలర్‌లో (డాంటే పరికరాలను ఒకదానితో ఒకటి కలిపే సాఫ్ట్‌వేర్) నెట్‌వర్క్ స్టేటస్ ట్యాబ్ తెరిచి ప్రతి పరికరం పక్కనా లింక్ వేగం చదవండి.

సాఫ్ట్‌వేర్ మొదలైంది గానీ కన్సోల్ కనబడటం లేదు అంటే దాదాపుగా ఫైర్‌వాల్. విండోస్ ఈ నెట్‌వర్క్‌ని గుర్తుపట్టక పబ్లిక్ ప్రొఫైల్‌లో వేస్తుంది, దాన్ని ప్రైవేట్‌కి మార్చి, డాంటే ప్రోగ్రాములను అనుమతించండి. యాంటీవైరస్‌కి సొంత ఫైర్‌వాల్ ఉంటే అందులో కూడా. వీపీఎన్ సాఫ్ట్‌వేర్ ఉంటే పూర్తిగా మూసేయండి. మ్యాక్‌లో, మ్యాక్‌ఓఎస్ 15 నుంచి లోకల్ నెట్‌వర్క్ అనుమతి ప్రతి యాప్‌కీ విడిగా ఇవ్వాలి. మొదటిసారి అడిగినప్పుడు వద్దని నొక్కేస్తే డాంటే కంట్రోలర్ ఖాళీ గ్రిడ్ చూపిస్తూ ఉంటుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి ఆన్ చేయాలి.

ఫైర్‌వాల్ కాకపోతే ఐపీ అడ్రస్ చూడండి. డాంటే పరికరాలు ఎవరూ అడ్రస్ ఇవ్వకపోతే 169.254తో మొదలయ్యేవి తామే తీసుకుంటాయి, అలాగే హాయిగా పనిచేస్తాయి. కల్యాణ మండపాల్లో ఎవరో ఒకరు ఐప్యాడ్ మిక్సింగ్ కోసం వైఫై రౌటర్‌ని తెచ్చి ఇదే స్విచ్‌లో పెడతారు. అప్పటికే ఆన్ అయి ఉన్నవి కొన్ని 169.254లో, తర్వాత వచ్చినవి 192.168లో ఉండి, ఒకదాన్నొకటి చూడలేవు. బెహ్రింజర్ ఎక్స్32 కన్సోల్‌కైనా, యమహా క్యూఎల్ కన్సోల్‌కైనా రిమోట్ కంట్రోల్‌కి వేరే ఈథర్‌నెట్ పోర్టు ఉంది. రౌటర్ అక్కడికే వెళ్లాలి, డాంటే స్విచ్ దగ్గరికి రాకూడదు.

గడియారం గురించి ఒక్క నియమం: నెట్‌వర్క్‌లో షో అయ్యేదాకా ఎవరూ ఆపని పరికరాన్ని ప్రిఫర్డ్ లీడర్‌గా (మిగతావాటికి గడియారం ఇచ్చేదిగా) టిక్ చేయండి. మామూలుగా అది కన్సోల్. వర్చువల్ సౌండ్‌కార్డ్ హార్డ్‌వేర్ పరికరాలకు గడియారం ఇవ్వదు. శాంపిల్ రేట్ అన్నిచోట్లా ఒకటే ఉండాలి. ఎక్స్32 లాంటివి 48లో, ల్యాప్‌టాప్ 44.1లో ఉంటే సబ్‌స్క్రిప్షన్ (ఛానళ్ల కలయిక) పడదు. ల్యాప్‌టాప్‌లో రేట్ గానీ ఛానళ్ల సంఖ్య గానీ మార్చాలంటే ముందు స్టాప్ నొక్కాలి, నడుస్తుండగా ఆ గడులు మారవు.

పేర్ల విషయంలో మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే అద్దె సామాన్లు చేతులు మారే ఊళ్లో ఇదే ఎక్కువ తిప్పలు పెడుతుంది. డాంటేలో ప్యాచ్ (ఏ ఛానల్ ఎక్కడికి వెళ్లాలన్న అమరిక) అనేది అడ్రస్‌తో కాదు, పేరుతో గుర్తుంటుంది. ఫలానా పేరున్న పరికరంలో ఫలానా పేరున్న ఛానల్ నాకు కావాలి అని అందుకునే పరికరం రాసిపెట్టుకుంటుంది. స్టేజ్ బాక్స్ (స్టేజీ మీద మైకులు గుచ్చే పెట్టె) పేరు మారిస్తే ప్యాచ్ అంతా పసుపు త్రికోణాలు అవుతుంది. ఇదే గుణాన్ని మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. ఒక బాక్స్ చెడిపోయి ఇంకొకరి దగ్గర అదే మోడల్ తెచ్చారనుకోండి, పాతదాని పేరే అక్షరం పొల్లుపోకుండా కొత్తదానికి పెట్టండి, ఛానల్ పేర్లు కూడా. కొన్ని సెకన్లలో టిక్కులన్నీ పచ్చగా వచ్చేస్తాయి, ప్యాచ్ మళ్లీ కట్టక్కర్లేదు. యమహా రియో బాక్సులకు అదనంగా ఒక మెలిక ఉంది. వాటి పేరు వై001- అని మొదలవుతుంది, ఆ నంబరు బాక్స్ యూనిట్ ఐడీ. ఆ ముందుభాగాన్ని చెరిపి ‘Stage-Left’ అని అందమైన పేరు పెడితే శబ్దం వస్తుంది గానీ కన్సోల్ నుంచి హెడ్ ఆంప్ గెయిన్ (మైకు సిగ్నల్ పెంపు) కదలదు. రెండు బాక్సులకు ఒకే ఐడీ ఉన్నా అదే గొడవ. ల్యాప్‌టాప్ పేరు కూడా అంతే: కంప్యూటర్ పేరే డాంటే పేరవుతుంది గనక ఒకసారి పెట్టుకున్నాక మార్చకండి. ప్యాచ్ పూర్తయ్యాక డాంటే కంట్రోలర్‌లో ప్రీసెట్‌గా సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి.

రియోల్లోనూ క్యూఎల్‌లోనూ ప్రైమరీ, సెకండరీ అని రెండు సాకెట్లుంటాయి. రిడండెంట్ (ఒకటి పోయినా ఇంకోటి నడిచే) మోడ్‌లో అవి రెండు వేర్వేరు నెట్‌వర్కులు, వాటికి రెండు వేర్వేరు స్విచ్‌లు కావాలి. డైజీ చెయిన్ మోడ్‌లో అవి ఒకే స్విచ్ తాలూకు రెండు పోర్టులు. డైజీ చెయిన్‌లో ఉన్న బాక్స్‌కి రెండు కేబుళ్లూ తెచ్చి ఒకే స్విచ్‌లో పెడితే లూప్ ఏర్పడి, ప్యాకెట్లు చుట్టూ తిరిగి, మొత్తం నెట్‌వర్క్ కూలుతుంది. మోడ్ మార్చాక పరికరాన్ని ఆపి మళ్లీ వేయాలి, అప్పటిదాకా పాత మోడే. వర్చువల్ సౌండ్‌కార్డ్‌కి సెకండరీ లేదు. కాబట్టి ల్యాప్‌టాప్ ఎప్పుడూ ప్రైమరీ స్విచ్‌లోకే.

ఫ్రంట్ కన్సోల్, మానిటర్ కన్సోల్, రికార్డింగ్ ల్యాప్‌టాప్, మూడూ అవే స్టేజ్ మైకులు తీసుకునే పెద్ద షోలకు, అంటే ఆర్కే బీచ్‌లో పెట్టే ఉత్సవాల లాంటివాటికి, మల్టీకాస్ట్ ఫ్లోలు (ఒకసారి పంపితే అందరూ అందుకునే ప్రవాహాలు) చేయాల్సి వస్తుంది. 8 ఛానళ్ల మల్టీకాస్ట్ ఫ్లో ఒక్కోటి దాదాపు 12 మెగాబిట్లు తింటుంది, 32 ఛానళ్లకు 48. ఐజీఎంపీ స్నూపింగ్ లేకపోతే అదంతా ప్రతి పోర్టుకీ పోతుంది, 100 మెగాబిట్ చిన్న పరికరాలకు సగం దారి అక్కడే నిండిపోతుంది. స్నూపింగ్ ఆన్ చేసి, స్విచ్‌లు ఎన్ని ఉన్నా క్వెరియర్ (ఎవరికి ఏ మల్టీకాస్ట్ కావాలో అప్పుడప్పుడు అడిగేది) ఒక్కదాంట్లోనే పెట్టండి. క్వెరియర్ లేకుండా స్నూపింగ్ ఒక్కటే ఆన్ చేస్తే మొదట బాగుండి, కొన్ని నిమిషాల తర్వాత స్విచ్ ఆ గుంపులను మరిచిపోయి, గడియారం సహా మల్టీకాస్ట్ ఆగిపోతుంది. చిన్న మండపం షోకి మల్టీకాస్టే వద్దు, యూనికాస్ట్ (ఒక్కో పరికరానికీ విడిగా పంపడం) చాలు.

తప్పు ఎక్కడుందో తేల్చుకోవడానికి డాంటే కంట్రోలర్ ఉచితంగా ఇచ్చే పరికరం నిజంగా గొప్పది, దీనికి నూటికి నూరు మార్కులు. కన్సోల్ మీద రెండుసార్లు నొక్కి డివైస్ వ్యూలో లేటెన్సీ ట్యాబ్ తెరిస్తే ల్యాప్‌టాప్ నుంచి వచ్చే ప్యాకెట్లు ఎంత ఆలస్యంగా చేరుతున్నాయో గీతలుగా కనబడుతుంది. గీతలన్నీ పచ్చగా ఎడమవైపు గుమిగూడి ఉంటే మంచిది. కుడివైపు తోక సాగి ఎరుపు కనబడితే ప్యాకెట్లు సమయం దాటి వస్తున్నాయి. ల్యాప్‌టాప్ ప్యాకెట్లే అలా ఉండి, స్టేజ్ బాక్స్‌వి శుభ్రంగా ఉంటే తప్పు ల్యాప్‌టాప్‌ది. రెండూ చెడితే స్విచ్‌దో కేబుల్‌దో. ల్యాప్‌టాప్‌ని లేటెన్సీ 4 నుంచి 10కి మార్చండి. రికార్డింగ్‌కీ ట్రాకులు వేయడానికీ 10 వల్ల ఏ నష్టమూ లేదు. అసలు ఈ పనులకు మొదటినుంచీ 10 మీదే పెట్టుకోవడం తెలివైన పని.

లైసెన్స్ సంగతి ఒక ముక్కలో: యాక్టివేషన్‌కి ఇంటర్నెట్ కావాలి, అది ఆ ఒక్క కంప్యూటర్‌కే ముడిపడుతుంది. ల్యాప్‌టాప్ మార్చినప్పుడు, విండోస్ మళ్లీ ఎక్కించినప్పుడు ఇంట్లోనే చూసుకోండి. ఆడినేట్ వాళ్లదే మరో సాఫ్ట్‌వేర్ డాంటే వయా కూడా ఉన్నవాళ్లు రెంటినీ ఒకేసారి నడపలేరు.

గొంతుల మీద ఇన్సర్ట్ ప్లగిన్లు కావాల్సిందే అనుకునేవాళ్లకు దారి వేరు: వేవ్స్ కంపెనీ సౌండ్‌గ్రిడ్. అందులో ప్రాసెసింగ్ ల్యాప్‌టాప్‌లో జరగదు, విడిగా ఉండే సర్వర్‌లో జరుగుతుంది, ల్యాప్‌టాప్ కేవలం తెర. అందుకే ఆలస్యం చాలా తక్కువ. ఎక్స్32కి వేవ్స్ కార్డు వేసుకుంటే 32 ఛానళ్లు అటూ ఇటూ. ఖర్చు కూడా అదే స్థాయిలో పెరుగుతుంది. కొనేముందు మూడు విషయాలు తెలిసి ఉండాలి. సౌండ్‌గ్రిడ్ ఐపీ మీద నడవదు, లేయర్ 2 (ఐపీ అడ్రస్‌లు లేని నేరు ఈథర్‌నెట్) మీద నడుస్తుంది, గిగాబిట్ తప్పనిసరి, డాంటే స్విచ్‌తో కలపకుండా దానికంటూ వేరే స్విచ్ ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే కార్డుకీ సర్వర్‌కీ ఫర్మ్‌వేర్ కూడా అదే వెర్షన్‌కి తేవాలి, లేకపోతే పరికరం జాబితాలో కనబడుతూనే పనిచేయదు. ప్లగిన్ లైసెన్సులు సర్వర్‌లో కాదు, ల్యాప్‌టాప్‌లో గానీ పెన్‌డ్రైవ్‌లో గానీ ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే ల్యాప్‌టాప్ చెడినా ఇంకోదాంట్లో గుచ్చి నడుపుకోవచ్చు.

రెండు వ్యవస్థలకూ వర్తించే విశాఖ ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. బీచ్ రోడ్డులో ఉప్పుగాలికి ఆర్‌జే45 పిన్నులు నెలల్లో మసకబారతాయి, ఆ మసక లింక్ వేగం తగ్గడంగానో ప్యాకెట్ ఎర్రర్లుగానో బయటపడుతుంది. ఈథర్‌కాన్ తొడుగున్న కేబుళ్లు వాడండి, మూతలు పెట్టి చుట్టండి, సీజన్‌కి ముందు కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి. పిన్ను బంగారు రంగు పోయి నల్లగా కనిపిస్తే తుడవడం మానేసి కనెక్టర్ మార్చేయండి. అల్యూమినియానికి రాగి పూత పూసిన చవక కేబుల్ 60, 70 మీటర్ల స్టేజీ దూరాలకు అసలు వాడొద్దు. పూర్తి రాగి క్యాట్6 తీసుకోండి, పొడవు 100 మీటర్లు దాటకూడదు. మధ్యాహ్నం సౌండ్‌చెక్‌లో ఎండ పడే టేబుల్ మీద ల్యాప్‌టాప్ ఉంటే ప్రాసెసర్ వేడికి వేగం తగ్గించుకుంటుంది, లేటెన్సీ గీతల తోక అప్పుడే సాగుతుంది. జనరేటర్‌కి మారే ఆ రెండు సెకన్లలో కన్సోల్ యూపీఎస్ మీద బతికి, స్విచ్ పడిపోతే ఉపయోగం లేదు, మేనేజ్డ్ స్విచ్ మళ్లీ లేవడానికి నిమిషానికి పైగా పడుతుంది. ఫ్రంట్ స్విచ్‌కి ఒక యూపీఎస్, స్టేజ్ బాక్స్ దగ్గర ఇంకొకటి ఉండాలి.